బావా అని పిలిస్తే

యాదగిరి బావకు,

అక్కడ ఎలా ఉన్నావని అడగను. నీ మీద కోపం ఇంకా పోలేదు.

నువ్వు చనిపోయి ఏడాదైంది. ఇవాళ నాచారంలో మా ఫ్యాక్టరీ మైదానంలో మీ ఉప్పల్ ఫ్యాక్టరీతో మళ్లీ వాలీబాల్ మ్యాచ్ పడింది. ఒకప్పుడు నువ్వూ మా జట్టే. ఇద్దరికీ ఉద్యోగం ఇచ్చిందే ఆట చూసి. నేను బంతి లేపేవాణ్ణి, నువ్వు కొట్టేవాడివి. నేను "బావా" అని అరిస్తే బంతి వల పక్కనే లేస్తుందని గుర్తు, ఏమీ అనకపోతే దూరంగా. ఏ చుట్టరికమూ లేని మనకు ఆ వరస అలా కలిసింది.

పెద్ద ఉద్యోగమిస్తామంటే నువ్వు ఉప్పల్ జట్టుకు వెళ్లిపోయావు. పిలుపు మార్చమని అందరూ అన్నారు. బావ అంత పని చేయడని నేనే మార్చలేదు.

మీ జట్టుతో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, నేను "బావా" అనగానే వల అవతల నువ్వు ఎగిరి బంతిని అడ్డుకున్నావు.

"గిట్ల జేస్తివేంది బావా?" అన్నాను.

"నాకు నౌకరి ఇచ్చిందే ఆటకురా. తెలిసి తెలిసి ఎట్ల ఇడుస్త?" అని నవ్వావు.

ఆ రోజే పిలుపు మార్చాను. నీతో మాటలూ మానేశాను.

ఇవాళ ఆఖరి పాయింటు దగ్గర నా నోట మళ్లీ "బావా" అనే వచ్చింది. నీ చోట ఆడుతున్న నర్సింగ్‌కు అర్థం కాలేదు. వల అవతల కూడా ఎవరూ ఎగరలేదు. బంతి మా వైపే పడింది, ఓడిపోయాం.

"ఎవర్ని పిలిచినవన్నా?" అని నర్సింగ్ అడిగాడు.

మన పిలుపును అమ్ముకున్నవాణ్ణి పిలిచానని చెప్పాల్సింది. నోరు రాలేదు, బావా.