తాడు నా చేతికి ఇవ్వు

నాగర్‌కర్నూల్,
2025 నవంబరు 9, ఆదివారం.

తమ్ముడూ, మల్లయ్యా,

నువ్వు పోయి మూడు నెలలు దాటింది. ఇంతవరకు నీకు ఏమీ రాయలేదు. బతికుండగా కూడా రాయలేదు... నీకు చదువు రాదు కాబట్టి. ఇప్పుడు రాయడానికి కారణం ఒక్కటే. మొన్న శుక్రవారం నా మనవరాలు మౌనిక చదువు మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చేసింది. నువ్వు పిలిచావని అంటోంది.

పిలిచావా?

నా సంగతి నీకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు లెక్కలు చెప్పాను. ఎవరైనా దయ్యం అంటే చెవి మెలేసేదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎక్కడ తప్పిందో నువ్వే చెప్పు.

శుక్రవారం పొద్దున మీ బావ వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి "ఊ" అన్నాడు. నువ్వు పోయినప్పటి నుంచీ అప్పుడప్పుడూ ఇలా పలుకుతూనే ఉన్నాడు, నేను పట్టించుకోవడం మానేశాను. కానీ ఆ రోజు లేచి కూర్చుని, కొండ అంచు చూస్తున్నట్టు తల పైకెత్తి, "నన్ను గాదే... పిల్లను పిలుస్తుండు" అన్నాడు.

ఏ పిల్ల అని అడిగాను. మళ్లీ మంచం మీద వాలాడు.

పొద్దుగూకే వేళకు మౌనిక హైదరాబాద్ బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి కూడా లేదు.

అది యూనివర్సిటీలో చదివేది మన గురించే కదా. ఆదివాసీల చరిత్ర, సంస్కృతి, రాజకీయాలు. అడవి ఎవరిది, చట్టం ఏమంటుంది, మన చెంచుల గురించి ఎవరెవరు ఏం రాశారు... ఇవన్నీ అక్కడ పాఠాలు. సీటు వచ్చిందని చెప్పడానికి అడవిలో మన గూడేనికి, మన పెంటకు, వస్తే నువ్వు ఎంత నవ్వావు! "నన్ను సదువనీకి పిల్లను హైదరాబాద్ తోలుతున్నవా అక్కా? ఈడికే తోలు. ఫీజు లేకుండ చెప్త, తేనె గూడ పెడ్త."

నాకు నవ్వు రాలేదు. ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు నుంచి నేను అడవికి వీపు పెట్టి నడిచినదాన్ని. ఇది మళ్లీ అటే ముఖం తిప్పిందేమిటి అనిపించింది.

అది పేపర్ రాయడానికి ఎంచుకున్నది నీ తాడునే. కొండతేనె తీయడానికి మనిషి తాడు మీద లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకునేవాడు అతని భార్య తోడబుట్టినవాడై ఉండాలి. సొంత అన్నదమ్ములకైతే వదినల మీదో మరదళ్ల మీదో ఆశ పుట్టవచ్చు, బామ్మర్ది మాత్రం తన అక్క ముండమోయాలని కోరుకోడు... పుస్తకాల్లో ఇలా రాశారట. అది చదివి వినిపిస్తే నువ్వు ఏమన్నావో మౌనిక నాకు నిన్న చెప్పింది. "గదేం గాదు బిడ్డా. మీ తాత పడిపోతే మా అక్క తిట్లన్ని నామీదికి మళ్లుతయ్. గందుకే గట్టిగ పట్టుకుంట!"

ఏడుస్తూనే చెప్పింది. నేను మాత్రం నవ్వాను, చాలా రోజులకు.

కిందికి దిగినవాడు పైవాడికి కనిపించడు. అలికిడి ఆగితే నువ్వు "ఉన్నవా బావా?" అని కేక వేసేవాడివి. కిందినుంచి "ఉన్న" అని రావాలి. మూడుసార్లు పిలిచినా బదులు రాకపోతే లాగేయడమే, తేనె దక్కినా దక్కకపోయినా. మీ ఇద్దరి ఒప్పందం అది. ఆ ఒక్క మాట మీద నా కాపురం నడిచింది.

మౌనికతో కూడా అదే ఒప్పందం పెట్టుకున్నావని నాకు తెలియదు. తరగతిలో అది పేపర్ చదవాల్సిన రోజున నువ్వు సిగ్నల్ దొరికే బండ ఎక్కి కూర్చునేవాడివట. ఇయర్‌ఫోను దాని చెవిలో, జుట్టు కింద. అది తడబడి ఆగగానే "ఉన్నవా బిడ్డా?" అనేవాడివి. అది దగ్గినట్టు నటించి "ఉన్న" అనేది. మళ్లీ చదివేది. పరీక్ష హాల్లో పట్టుకుని ఉంటే కాపీ అని రాసి బయటికి పంపేదాన్ని, ఇద్దరినీ!

శుక్రవారం చెవిలో ఫోను లేదు. నువ్వే లేవు. అందరి ముందూ నిలబడి మొదటి పేజీ చదివింది. నీ మాట వచ్చిన చోట ఆగింది. అప్పుడు వినిపించిందట... "ఉన్నవా బిడ్డా?"

పలికితే తరగతి అంతా పిచ్చిదనుకుంటుంది. పలకకపోతే నువ్వు పడిపోయిందనుకుంటావు. అది నోరు మూసుకుని నిలబడింది. రెండోసారి పిలిచావు. మూడోసారి పిలిచావు. ఆ తర్వాత నడుము దగ్గర లాగినట్టయిందట. కాగితాలు బల్ల మీదే వదిలేసి బస్‌స్టాండుకు నడిచింది.

నిజంగా నువ్వేనా?

నువ్వే అయితే ఒక మాట విను. కొండకు వేలాడుతూ ఆగడం వేరు, తరగతిలో ఆగడం వేరు. ఆలోచించడానికి కూడా మనిషి ఆగుతాడు మల్లయ్యా. అది పడిపోలేదు. నువ్వు తొందరపడి లాగావు.

నిన్న పొద్దున లేచేసరికి మౌనిక చాప మీద పడుకుని ఉంది. నీ తాడు, నీకు మట్టి ఇచ్చిన రోజున మేము తెచ్చుకున్నది, దాని నడుముకు చుట్టి ఉంది. రెండో కొస మీ బావ ఒళ్లో ఉంది. ఎవరు చుట్టారని నేను అడగలేదు. ఆయన ఆ కొసను ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాడు. "నేను దిగేటోన్ని. పట్టేటోన్ని గాదు. ఎవలన్న పట్టాలె గదా" అన్నాడు.

ఎవరు పట్టాలి? మనలో ఆడవాళ్లు తాడు పట్టగా నేను చూడలేదు. కానీ దిగింది కూడా ఆడపిల్లే కదా...

వాళ్ల మేడమ్ ఫోను చేసింది. వచ్చే శుక్రవారం ఇంకొక్క అవకాశం ఇస్తారట. అప్పుడూ చదవకపోతే ఏడాది పోతుంది. మౌనిక మాత్రం, "నేను పోను అవ్వా, మళ్ల పిలుస్తడు" అంటోంది. ఈసారి పోకపోతే అది ఇక ఎప్పటికీ పోదు. నాకు తెలుసు, అడవి వదిలాక నేను మళ్లీ అక్కడ బతకడానికి వెనక్కి పోలేదు కదా.

కాబట్టి ఇకమీద జరగవలసినవి రాస్తున్నాను. నీకు చదువు రాదు గనుక రాసినది పైకి చదువుతాను. విను.

1. రేపు పొద్దున మౌనిక మేడమ్‌కు ఫోను చేసి, వస్తున్నానని చెప్పాలి. నేను పక్కన నిలబడతాను.

2. నా తిట్ల గురించి నువ్వు అన్న మాట పేపర్లో ఉండాలి, నువ్వు అన్నట్టే. నేను భాష దిద్దను.

3. గురువారం మేమిద్దరం బస్సు ఎక్కుతాం. మీ బావ ఇంట్లో ఉంటాడు. ఆయన ఎవరికైనా పలికితే పలకనివ్వమని కోడలికి చెప్పాలి.

4. శుక్రవారం నేను ఆఖరి వరుసలో కూర్చుంటాను. అది ఆగితే ఆగనిస్తాను. మరీ ఆలస్యమైతే "ఉన్నవా బిడ్డా?" అని నేనే పిలుస్తాను, అందరికీ వినపడేలా. అది కూడా గట్టిగానే పలకాలి.

5. ఆ పూట నువ్వు పిలవకూడదు. తాడు నా చేతికి ఇచ్చి పక్కన కూర్చో.

6. అది చదవడం ముగించి పైకి వచ్చాక, అప్పుడు నన్ను పిలువు. ఒక్కసారి చాలు. "ఉన్న" అని పలుకుతాను.