ఫోనుకు చూపిన పాదం

సుగుణా, డాక్టరుకు పాదం చూపితే పాపమని నీకు ఏ పురాణం చెప్పింది? కాలి పుండును చీర అంచు కింద దాచుకుని నువ్వు వెళ్లిపోయి నేటికి ఏడాది.

ఇవాళ నాచారంలో మన ఇంటికి నర్సమ్మ పెద్ద ఫోను పట్టుకుని వచ్చింది. మీ అమ్మకూ ఇప్పుడు షుగరు పుండే. కిటికీలోంచి పడే లేత ఎండలో, మబ్బు మీద కూర్చున్నట్టు డాక్టరమ్మ ముఖం ఆ ఫోనులో తేలింది. మీ అమ్మ తల మీద కొంగు కప్పుకుని దండం పెట్టింది. పాదం చూపమంటే మాత్రం కాళ్లు ముడుచుకుంది.

"దేవుని లెక్క మనిషి. ఆమె మొకానికి కాలు సాపాల్నా? నరకానికి పోత బిడ్డా," అంది నాతో.

గుడి అరుగు మీద గొంతు చించుకుని పురాణం చెప్పేవాణ్ణి, ఆమె పక్కన మెల్లగా కూర్చున్నాను.

"అత్తమ్మా, మడుగుల మొసలి పట్టింది ఏనుగు కాలునే గదా. ఆ కాలు దాసుకుంటే స్వామి దేన్ని ఇడిపిస్తుండె?"

ఫోనులో డాక్టరమ్మ నవ్వింది. "ఆ మొసలిని జర నాకు కూడా చూపియ్యమ్మా."

మీ అమ్మ సిగ్గుపడుతూ పాదం చాపింది. ఫోను వెలుగులో అది నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించింది. ఒక్క క్షణం నీ పాదమే అనుకున్నాను. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

"వేలు నల్లబడుతోంది. ఇవాళే దవాఖానాకు తీసుకురండి. ఆలస్యం చేయకపోతే కాలు దక్కుతుంది."

"ఇయ్యాల నా బిడ్డ సంవత్సరీకం," అంది మీ అమ్మ. "దాని పేర ఇస్తరేసి అన్నం పెట్టి, రేపు పోదాం."

గుమ్మంలోంచే ఉప్పల్ వైపు పోయే ఆటోను కేకేసి ఆపాను.

"సుగుణ ఆగుతది, కాలు ఆగది. లే అత్తమ్మా, ఇయ్యాలనే, ఇప్పుడే."