పెండ్లి కార్డులో పడ్డ చాయ్

పుణె,
ఆదివారం.

బాపుకు, అవ్వకు మీ లావణ్య దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? బాపూ, నువ్వు గోలీలు మరవకుండా వేసుకుంటున్నావా? రోజూ ఫోన్ చేసే పిల్లకు ఉత్తరమెందుకు అంటావేమో. ఈ సంగతి ఫోన్‌లో చెబితే సగంలోనే కట్ చేస్తావని నా భయం. చివరిదాకా చదువు, తర్వాత తిట్టు.

ఇక్కడ వాన వదలడం లేదు. బట్టలు ఫ్యాను కింద ఆరేసుకుంటున్నాం. జొన్నరొట్టె మన ఇచ్చోడలో లాగానే దొరుకుతుంది గానీ పప్పులో బెల్లం వేస్తారు, అదొక్కటే బాధ. మన ఊరి అంగట్లో నేర్చుకున్న మరాఠీ బాగా పనికొస్తోంది. కూరగాయల ఆవిడ నన్ను నాందేడ్ పిల్ల అనుకుంటోంది. ఆదివారాలు మాత్రం అవ్వ గొంతు వినపడక ఇల్లంతా బోసిగా ఉంటుంది. అయినా బాగానే ఉన్నాను, ఫికర్ చేయకండి.

ఇక పని సంగతి. నువ్వు దుకాణంలో పెండ్లి కార్డులు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఉందే, అలాంటిదే మా కంపెనీ తయారుచేసేది. పెద్ద పత్రంలో ఒకచోట గుర్తు పెట్టుకుని, ఎక్కడున్నా ఒక్క నొక్కుతో మళ్లీ అక్కడికి చేరే ఏర్పాటును బుక్‌మార్క్ అంటారు. అది ఎలా ఉండాలో ఆలోచించే పని నాకిచ్చారు. అది నెగ్గితేనే ఉద్యోగం పక్కా. లేదంటే మనం అనుకున్నట్టే దసరాకల్లా వచ్చి నీ రెండో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. "మీ బాపు దానిమీద గుడ్డ గప్పి రోజు తుడుస్తుండు బిడ్డా, ఎవ్వలను ముట్టనిస్తలేడు" అని అవ్వ చెప్పింది.

నా మొదటి నమూనాలో గుర్తు పెట్టాలంటే ముందు దానికో పేరు రాయాలి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కొందరిని పిలిచి వాడమంటే, పేరు అడగగానే అందరూ ఆలోచనలో పడ్డారు. ఒకాయన విసుక్కుని మూసేశాడు. మా పైఆఫీసరు మృణాల్‌ను మేమంతా తాయి, అంటే అక్క, అని పిలుస్తాం. ఆవిడ "ఇంకో వారం చూద్దాం, కుదరకపోతే పక్కన పెడదాం" అంది. ఆ రోజు అన్నం సయించలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. టైపు చేస్తూ చాయ్‌కి లేచినప్పుడల్లా ఆగినచోట "చాయ్" అని కొట్టి పోతావు, వచ్చాక ఆ మాట వెతికి పని అందుకుంటావు. ఖానాపూర్ వాళ్ల పెండ్లి కార్డులో దాన్ని తీసేయడం మరిచిపోయావు. "బంధుమిత్రులు విచ్చేసి చాయ్ వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన" అని అచ్చయింది. పెండ్లికొడుకు తండ్రి కార్డుల కట్టతో వచ్చి, "గిదేందే రాజన్నా! బువ్వ వెట్టకుంట చాయ్ తాపి తోలిస్తరా అంటుండ్రు సుట్టాలు" అన్నాడు. నువ్వు "పరేషాన్ గాకు బావా, మళ్ల కొట్టిస్త, జర కూసో" అని ఆయనకు నిజంగానే చాయ్ తెప్పించావు.

లేచేవాడికి పేరు ఆలోచించే తీరిక ఎక్కడిది? మళ్లీ ఆ చోటు దొరికితే చాలు, కాగితం మీద మాత్రం రాకూడదు. అందుకే పేరు తీసేశాను. ఒక్క మీట నొక్కితే అంచున చిన్న గుర్తు పడుతుంది, అచ్చులో రాదు. గుర్తుల వరుసలో పేరుకు బదులు ఆ చోట ఉన్న వాక్యమే కనబడుతుంది. కావాలనుకుంటే పేరు తీరిగ్గా పెట్టుకోవచ్చు.

ఇదెలా తోచిందని తాయి అందరి ముందు అడిగితే పెండ్లి కార్డు కథంతా చెప్పేశాను. కోప్పడకు బాపూ. అంతా పగలబడి నవ్వారు, నాకు ముఖం మాడిపోయింది. కానీ తర్వాత ఒక్కొక్కరే తామేం కొడతారో బయటపెట్టారు. ఒకరు వరసగా చుక్కలు పెడతారట, ఒకరు కూతురి పేరు. తాయి అయితే ఓ బూతు రాసుకునేదట! శుక్రవారం నా ఉద్యోగం పక్కా చేశారు.

అవ్వను పల్లికారం పంపమను. అత్తకు నా దండాలు చెప్పు. మీ ఇద్దరి దీవెనలు నా మీద ఉండనీ.

ఒక్క మాట బాపూ. ఆ కంప్యూటర్ మీది గుడ్డ తీసేయి. పక్కింటి సుజాత పని అడుగుతోందట కదా, ఆమెను కూర్చోబెట్టు. ఎంతో సంతోషంగా మొదలుపెట్టిన ఉత్తరం, ఇక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చింది. సుజాత నాకంటే పొట్టి, కుర్చీ కాస్త పైకి జరుపుకోమను.

మీ బిడ్డ,
లావణ్య