సూది వేసుకుని ఉపవాసం

గురువారం, రాత్రి

నాట్లకు పోయి వచ్చిన నడుము ఇంకా లాగుతూనే ఉంది. సాయంత్రం మా కీర్తన పదో తరగతి పరీక్షకు జీవశాస్త్రం తిరగేస్తుంటే, పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగాను. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపేది ఇన్సులిన్ అని గడగడా చెప్పింది.

"మరి ఏమీ తినకుండా ఇన్సులిన్ వేసుకుంటే?"

"చక్కెర పడిపోతాది మా. చెమటలు పోస్తాయి, వణుకొస్తాది" అంటూనే మంచం మీదున్న నాయనమ్మ వైపు చూసింది.

పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మా అత్త అట్లాగే వణికింది. ఆ పొద్దున చక్కెర జబ్బుకు ఇన్సులిన్ సూది వేసుకుంది, ముద్ద ముట్టలేదు. పరిశుద్ధాత్మ దిగిందని అందరూ స్తోత్రాలు చెప్పారు. ప్రార్థన అయ్యాక తీపి టీ తాగి తేరుకుంది. అప్పటినుంచి ఆడవాళ్లు వచ్చి ఆమె చెయ్యి తల మీద పెట్టించుకుంటున్నారు.

"అయితే అది ఆత్మ కాదంటావా మే?" అంది అత్త.

"అది నా పుస్తకంలో లేదు నాయనమ్మా. రేపు తినకపోతే మాత్రం పడిపోతావు."

అత్త గోడవైపు తిరిగి పడుకుంటూ అంది.

"రేపు ఇడ్లీ తినే పోతాలే. చర్చిలో మాత్రం ఈ మాట చెప్పబాకండి."

నేనైతే చెప్పను. కానీ రేపు వణుకు రాకపోతే, ఎదురుచూసేవాళ్లకు ఆమె ఏం చెప్పుకుంటుందో...