ట్రేలో చిన్న బల్బు

అక్టోబరు 4

టైమెంతయిందో చూడాలంటే వెతుక్కోవాల్సొచ్చింది ఇయ్యాల. కంప్యూటర్లో కుడిపక్క, కింద మూల. గడియారం అక్కడే ఉండాదని తెలుసు. అయినా తల తిప్పితే గానీ దొరకలా. గడియారం, వైఫై, సౌండు, ప్రింటరు... ట్రే అంటారే, ఆ పట్టీలో ఉండేవన్నీ ఆవగింజంత బొమ్మలు. వాటిని గీసిన మహానుభావుడికి గద్ద కళ్లు కామోసు.

నెల్లూరు డాక్టరు మొన్న ఎండాకాలంలో ఇదే చెప్పినాడు. చుట్టూతా మూసుకుంటా వస్తాదమ్మా, నడిమధ్యది చివరిదాకా ఉంటాది అని. చివరంటే ఎప్పుడు సార్ అంటే చీటీ మీద ఏదో రాసుకుంటా కూర్చున్నాడు.

ఇంట్లో చెప్పలా. ఫ్లెక్సు గుడ్డ కొనేదానికి నెల్లూరు పొయ్యినానన్నా.

అక్టోబరు 7

పొద్దున్నించి వాన. పోర్టు లారీలు తొక్కి తొక్కి ముత్తుకూరు రోడ్డంతా బురద. మా ఫ్లెక్సు షాపులోకి ఒక్క పురుగు రాలా.

ట్రే ఉండే కింద పట్టీ, ప్యానెల్ అంటారు, దాని సైజు పెంచినా. దాంతోపాటు ట్రేలో బొమ్మలు కూడా పెరిగినాయి. మూలనించి తీసి మధ్యకి జరిపినా, నా ముక్కుకి ఎదురుగా. ఈ లైనక్స్ పెట్టిన కొత్తల్లో అన్నని ఎన్ని తిట్లు తిట్టినానో. పాతదాన్ని వైరస్ తినేసిందని, డబ్బులు పెట్టకుండా పని అయిపోతాదని ఎవర్నో పిలిపించి ఎక్కించినాడు. ఇప్పుడనిపిస్తాది, దీంట్లో ఒక మంచిగుణం ఉండాది. నీకెందుకమ్మా ఇంత పెద్ద బొమ్మలు అని అడగదు.

అక్టోబరు 9

పెంచితే చాలలా. బూడిదరంగు బొమ్మలు, బూడిదరంగు పట్టీ. బూడిదలో పోసిన పన్నీరే.

ఇంక నేనే గీస్తా ఉండా. నల్ల బిళ్ల మీద పసుప్పచ్చ గీతలు. బోర్డులు రాసిన రోజుల్లో నాన్న అనేవాడు, బస్సులో పొయ్యేవాడికి కూడా కనపడాలంటే నలుపు మీద పసుపే అని. వైఫైకి మూడు గీతలు చాలు. సౌండుకి బాకా. ప్రింటరుకి మన ఫ్లెక్సు మిషనే గీసినా, దాని పొట్టతో సహా. ఫైలుకి మాత్రం ప్రోగ్రాం అడిగే పేరే పెట్టాల, లేకపోతే పాత బొమ్మనే తెచ్చి చూపిస్తాది. ఫోల్డర్లో వేసి, లాగౌటయ్యి మళ్లీ వస్తే... అబ్బ, ఎంత బాగా కనపడినాయో. ఏడుపొచ్చింది. దీనికి కూడా ఏడుస్తారా ఎవురన్నా.

అక్టోబరు 10

అన్నీ మారినాయి. ఒక్కటి మాట వినలా. నైట్ లైటు బల్బు, స్క్రీనుని పసుపుగా మార్చేది.

తెల్లటి స్క్రీను చూస్తే కళ్లల్లో కారం కొట్టినట్టుంటాది నాకు. అందుకని పగలు కూడా పసుపుగా పెట్టుకుంటా. రంగులు చూసుకోవాల్సిన పని వస్తే ఆ బల్బు నొక్కి ఆర్పేస్తా. ఆ బల్బే తన బొమ్మని తన పొట్టలోనే పెట్టుకోని వచ్చిందంట, మనమిచ్చేది తీసుకోదంట. అన్ని పసుపు బిళ్లల పక్కన అదొక్కటి పేనులాగా. పోనీలే. చిన్నగానే ఏడువు.

అక్టోబరు 12

అన్న చూసినాడు. ఏందివి, మిఠాయి అంగడి పెట్టినావా అన్నాడు. ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్ అన్నా. నమ్మినాడు. ఫ్యాషన్ అంటే ఏదైనా నమ్ముతాడు మా ఖాదర్ అన్న.

వదిన టీ తెచ్చి నాకే ముందిచ్చింది. నాకు తెలుసు అదెందుకో. మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకి ముందు టీ ఎవురిస్తారు? అది ఈ కుర్చీకి ఇచ్చే టీ. డిజైనంతా నా చేతిమీదే నడస్తాది కాబట్టి.

అక్టోబరు 15

హుస్సేన్ మామని చూసొచ్చినా. అమ్మ తమ్ముడు. అమ్మా నాన్నా మేనరికం, తాతలదీ మేనరికమే. మామకి నలభై దాటేసరికి చూపు మొత్తం పొయ్యింది. అడుగుల చప్పుడు విని పేరు పెట్టి పిలస్తాడు, అందరూ అబ్బో అబ్బో అని మెచ్చుకుంటారు. నన్ను కూడా పిలిచినాడు.

నాకొద్దు ఆ మెప్పు.

అక్టోబరు 18

గడప తట్టుకున్నా. వదిన: "కళ్లు నెత్తికెక్కినాయా?" నవ్వినా.

అక్టోబరు 24

జాలర్ల పాళెం బోటు తిరగబడిందంట అలల్లో. మిగతావాళ్లు ఈదుకుంటా వచ్చినారు, ఒకడు రాలా. పెళ్లి కూడా కాలేదంట. షాపు ముందర అందరిదీ అదే మాట.

అక్టోబరు 26

ఒడ్డుకి కొట్టుకొచ్చినాడంట. మా మిషన్ తిప్పే సీనన్న పొయ్యి చూసొచ్చినాడు. అన్నం తినకుండా క్యారియర్ మూత పెట్టేసినాడు. సీనన్నది గట్టి గుండె, మిషన్ కొన్నప్పట్నించీ మా దగ్గరే ఉండాడు, ఎన్ని చావు ఫ్లెక్సులు కొట్టినాడో. అయినా తినలా.

నవంబరు 3

పోలయ్య వచ్చినాడు. ఆ చనిపోయిన పిల్లోడి అన్న. పెద్దకర్మకి ఫ్లెక్సు కావాల. ఉండే ఫొటో ఒక్కటే, ఎవరి పెళ్లిలోనో సీరియల్ లైట్ల కింద ఫోన్లో తీసింది. ముఖమంతా నారింజ రంగు.

"కొంచెం తెల్లంగా చెయ్యక్కా," అన్నాడు. ఈ మాట అనని మనిషి ఈ షాపుకి రాలా. పెళ్లికూతురయినా, నాయకుడయినా, శవమయినా తెల్లంగా ఉండాల. నాకు అలవాటే. నారింజ తగ్గించినా, నీలం పెంచినా, తెలుపు ఎత్తినా. ఎంత తగ్గించినా ఇంకా పసుపుగానే కనపడతా ఉండె. పాడు లైట్లు, ఎట్టాంటి ఫొటో తీసినార్రా అనుకోని ఇంకా తగ్గించినా. చివరికి ఒక కళ వచ్చింది. పూలదండ వేసి, సీనన్నకి పంపించినా. సాయంత్రమే తీసకపొయ్యినారు.

నవంబరు 4

రాయాలంటే చెయ్యి రాలేదు.

పొద్దున పోలయ్య ఫ్లెక్సు చుట్టకోని వచ్చినాడు. షాపులో నేల మీద పరిచినాడు. అరవలా, తిట్టలా. అదే నాకు భయమేసింది. ముఖం నీలంగా ఉండాది. పెదిమలు సీసం రంగు. కళ్ల కింద పాలిపొయ్యి ఉబ్బినట్టు.

"మాయమ్మ చూసిందక్కా. ఒడ్డుకొచ్చినప్పుడు ఎట్టుండాడో అట్టనే ఉండాడు అనింది."

ఆ గుడ్డ పక్కనే కూర్చున్నాడు.

అన్న సీనన్న మీదకి పొయ్యినాడు. చౌక ఇంకు పోసినావు, మిషన్ హెడ్డు కడగలా, ముందర నిలబడి చూసుకోకుండా ఏం చేస్తా ఉన్నావు అని. సీనన్న చూసినాలే అబ్బాయా, శవం ఫ్లెక్సుకి ఎక్కువసేపు చూడబుద్ధి కాలా అన్నాడు. ఆ మాటకి అన్న ఇంకా రేగినాడు.

నేను తల తిప్పినా అప్పుడు. బిళ్లల వరస చివర, ఆ పేను లాంటి బల్బు. వెలగతా ఉండాది.

ఆర్పేసినాననుకున్నా, నిన్నంతా వెలగతానే ఉండె. అంటే పసుపు ఫొటోది కాదు, నా స్క్రీనుది. లేని పసుపుని తీసేసేదానికి ఆ బిడ్డ ముఖంలోకి నీలం ఎక్కించింది నేను. పక్కన వాళ్లు అరచుకుంటా ఉండంగా బల్బు నొక్కినా. స్క్రీను తెల్లబడింది. ముఖం నీలంగా లేచొచ్చింది. గమ్మున సరిచేసి కొత్త ఫైలు పెట్టినా. అన్న కొత్త ఇంకు పోసి తనే మిషన్ తిప్పినాడు. చక్కంగా వచ్చింది, చామనఛాయలో, నవ్వుతా.

"చూసినావా? తప్పు ఇంకుదే," అన్నాడు అన్న.

నేను నోరు తెరవలా.

నవంబరు 5

అన్న సీనన్నని పనికి రావద్దన్నాడంట.

నవంబరు 6

చెప్పలా.

నవంబరు 7

రోజంతా ఆ బల్బుతోనే సరిపొయ్యింది. ఆ ప్రోగ్రాం తీసిపారేసి, బొమ్మ మార్చుకోనిచ్చేది ఇంకోటి ఎక్కించినా. ఇప్పుడు వెలిగితే ఎర్రగా, అందరికన్నా పెద్దగా కనపడతాది. ఎంత బాగా గీసినానో. ఇల్లు కాలినాక బావి తవ్వినట్టు.

చెప్తే ఏమయితాది? అన్న కొట్టడు, తిట్టడు. జాలి పడతాడు. ఇంట్లో కూర్చోమ్మా, నేను లేనా అంటాడు. ఆ మాటకే నాకు ఒళ్లు మండతాది. కూర్చోని ఏం చెయ్యాల? మామ పక్కన ఇంకో మంచం వేసుకోవాల్నా?

చెప్పకపోతే సీనన్న కూడు నేను తిన్నట్టు.

నవంబరు 8

మిషన్ దగ్గర కొత్త మనిషి. గుడ్డ వంకరగా ఎక్కిస్తా ఉండాడు.

మధ్యాహ్నం సీనన్న వచ్చినాడు, ఆ రోజు మర్చిపొయ్యిన క్యారియర్ కోసం. అన్న లేడు. క్యారియర్ తీసుకోని నా దగ్గరికొచ్చి నిలబడినాడు. పాపా, బాగుండావా అన్నాడు. రొయ్యల గుంటల కాడ కాపలా పని ఉందంట, అడిగినాడంట. వయసయిపొయ్యింది, రాత్రిళ్లు మేలుకోలేవులే అన్నారంట వాళ్లు. పొయ్యేవాడు మళ్లీ వెనక్కొచ్చినాడు.

"ఇంకు నేను సరిగ్గానే పోసినా పాపా. ఇంకెవురూ నమ్మకపొయినా పర్లా, నువ్వు నమ్ము చాలు."

తల ఊపినా. ఛీ, ఏం బతుకు నాది. తల ఊపి కూర్చున్నా!

నవంబరు 9

అన్నం సయించలా. వదిన జొరమా అని నుదురు పట్టి చూసింది.

నవంబరు 10

చెప్పేసినా.

కొత్త మనిషి పొయ్యినాక అన్నని నా కుర్చీలో కూర్చోబెట్టినా. మాటల్తో చెప్పలేనని తెలుసు. ఆ పిల్లోడి ఫొటో తెరిచి నైట్ లైటు వేసినా. ఆర్పినా. మళ్లీ వేసినా. నీలం ఫైలు పక్కన పెట్టి ఆర్పినా. అన్న మొదట తనకేదో నేర్పిస్తా ఉండాననుకున్నాడు. తర్వాత కుర్చీలో ముందుకి జరిగినాడు.

"నువ్వు చూసుకోలేదా?"

"కనపడలా."

"ఎదురుగా ఉండాది గదా మే."

"చివర ఉండేవి నాకు కనపడవన్నా. హుస్సేన్ మామ జబ్బే. డాక్టరు చెప్పి ఆరునెలలు దాటింది."

అన్న ఆ పసుపు బిళ్లల్నే చూస్తా ఉండాడు, ఒక్కోదాన్నీ. ఫ్యాషన్ అన్నా గదా. తర్వాత ఫోన్ తీసి సీనన్నకి చేసినాడు. తప్పయిపొయ్యింది రేపు రా అన్నాడు. ఎందుకని చెప్పలా. నా పేరెత్తలా. పెట్టేసినాక నా కేసి చూడకుండా షట్టరు దించేదానికి లేచినాడు.

ఇంటికి నడుస్తా దారంతా నాకన్నా ఒక అడుగు వెనకే వచ్చినాడు.

నవంబరు 11

సీనన్న వచ్చినాడు. క్యారియర్ మేకుకి తగిలించి గుడ్డ ఎక్కించినాడు. నాతో మామూలుగానే ఉండాడు. ఆయనకి కూడా చెప్పాల. అన్న చెప్పినాడో ఏమో, అడిగే ధైర్యం లేదు. వదిన ఇచ్చిన టీ ముందా వెనకా అని కూడా చూడబుద్ధి కాలా.

ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సు చేస్తా ఉండా. అన్న వచ్చి పక్కన నిలబడినాడు. స్క్రీను కేసే చూడు, తల తిప్పొద్దు అన్నాడు. చూస్తా ఉండా. ఓణీ పాప నవ్వు, కింద నా బిళ్లలు. బల్బు ఆరే ఉండాది.

"ఎన్ని వేళ్లు?"

చెయ్యి ఎక్కడ పెట్టినాడో కూడా తెలీలా. కుడిపక్కనించి గొంతు.

"మూడు," అన్నా.

అవునన్లా, కాదన్లా.

"ఇప్పుడు?"

"రెండు."

మిషన్ చప్పుడు ఆగింది. సీనన్న ఆపినట్టుండాడు. అన్న ఊపిరి వినపడతా ఉండాది, చొక్కా చెమట వాసన కూడా. తల కొంచెం తిప్పితే చాలు, తెలిసిపోతాది, నేను చెప్పింది సరో కాదో, అసలు అక్కడ చెయ్యి ఉండాదో లేదో.

తిప్పలా.