బ్రేకుల్లేని చెల్లెలు

గెంట్ (బెల్జియం), అక్టోబరు

ప్రియమైన ఒడిలోన్ అన్నయ్యకి,

ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. నీకేమో ‘ఏంటీ?’ తప్ప ఇంకో మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ట్రామ్ నడపడం మానేశాక ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. ముప్పై ఏళ్ళు ఆ సైకిల్ ట్రాక్ గేటు ముందు నుంచే ట్రామ్ తోలానా, చలికాలం సాయంత్రాలు లోపల్నుంచి జనం కేకలు వినబడేవి. ట్రామ్ వదిలేసి వెళ్ళలేను కదా! ఇప్పుడు అరవై ఒకటో ఏట వెళ్ళి పేరిచ్చేశాను. పెద్దవాళ్ళకి మొదట్నుంచీ నేర్పే తరగతి. ఫిబ్రవరిలో పోటీ కూడా ఉంది.

అన్నయ్యా, భయంగా ఉంది. మలుపు దగ్గర చెక్కనేల గోడలా లేచి నిలబడుతుంది. సైకిలుకి బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కాళ్ళు ఆపడానికి లేదు. మెల్లగా వెళ్తే జారి పడతాం. అంటే భయం వేసినప్పుడే ఇంకా జోరుగా తొక్కాలన్నమాట. ఇదెక్కడి న్యాయం? మొదటిరోజు పక్కనున్న కమ్మీ పట్టుకుని వదల్లేదు. నేర్పే ఆయన కమీల్, “వదలండమ్మా, మీరు పట్టుకోకపోయినా అది నిలబడే ఉంటుంది” అన్నాడు.

నీ చెల్లెలు,
లివినా

తా.క.: ఎవరికీ చెప్పకు. మధ్యలో మానేస్తే నవ్వేవాడు నువ్వొక్కడివే ఉండాలి.


ఓస్టెండ్, నవంబరు

లివినాకి,

నిన్ను ఎవడో నిలువునా ముంచాడు. బ్రేకుల్లేని సైకిలు అంటగట్టడమే కాక, అది అలాగే ఉండాలని నమ్మించాడు చూడు, వాడు మామూలు ఘటం కాదు. నేను నలభై ఏళ్ళు సముద్రం మీద పడవ నడిపినవాణ్ణి. లంగరు లేకుండా ఒక్కరోజైనా బయల్దేరానా?

పక్కింటివాళ్ళ పాత సైకిలు బ్రేకులు ఊడదీసి పంపుతున్నాను. వెంటనే బిగించుకో. ఆ కమీల్ ఎదురుగానే బిగించు, సిగ్గుతో చావాలి.

నీ అన్న,
ఒడిలోన్

తా.క.: అదే పెట్టెలో పొగబెట్టిన హెర్రింగ్ చేపలు కూడా పెట్టాను. బ్రేకులు కాస్త వాసన వస్తే కంగారుపడకు.


గెంట్, డిసెంబరు

ప్రియమైన అన్నయ్యకి,

నీ పెట్టె తరగతిలో అందరి ముందూ విప్పాను. చేపలు తిన్నారు, బ్రేకులు చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. అన్నయ్యా, అక్కడ ఎవరైనా టక్కున ఆగితే వెనకవాళ్ళందరూ వచ్చి మీద పడతారు. అందుకే బ్రేకులుండవు. కమీల్ వాటిని గోడకి తగిలించాడు.

ఇప్పుడు నేను ఫిర్మిన్ వెనకాలే తిరుగుతున్నాను. ఆయన ఎటు పోతే అటు, నా ముక్కు ఆయన వీపుకి తగిలేంత దగ్గరగా. కళ్ళు మూసుకుంటే ఆ వీపే కనబడుతోంది. పోయిన గురువారం భయంతో కాళ్ళు బిగుసుకుని మలుపు మీద నుంచి జారాను. తొడ చర్మం చెక్కుకుపోయి ఇంత పొడుగు చెక్కపేడు దిగింది. ఫిర్మినే తీశాడు. “తల దించకు లివినా, దూరంగా చూడు” అంటాడు. ఎలా చూడను? ప్రతి గురువారం బయల్దేరేటప్పుడు రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కుతాను.

నీ చెల్లెలు,
లివినా

తా.క.: కాళ్ళు నున్నగా గీసుకున్నాను. కట్టు పీకేటప్పుడు ప్రాణం పోకుండా ఉంటుందట.


ఓస్టెండ్, జనవరి

లివినా!

ఎవరీ ఫిర్మిన్? తొడలో పేళ్ళు తీసేంత చనువేంటి? ఆయన వెనకాలే తిరుగుతున్నానని నువ్వే రాస్తావా, ఇంత వయసొచ్చి! కాళ్ళు గీసుకున్నది కట్టు కోసమంటే నమ్మడానికి నేను చిన్నపిల్లాణ్ణా? బావ రెమీ పోయాక నిన్ను కంటికి రెప్పలా చూసుకుంటానని అమ్మకి మాటిచ్చాను. పెళ్ళి ఉద్దేశం ఉంటే అది సూటిగా చెప్పు. సైకిలు వంక ఎందుకు?

చేతులు ముడుచుకు కూర్చోలేక ఆ కమీల్‌కి నేనే ఉత్తరం రాశాను. నీకు గుండె బలహీనమనీ, నిన్ను ట్రాక్ ఎక్కనిస్తే పూచీ ఆయనదేననీ.

నీ మంచి కోరే,
ఒడిలోన్

తా.క.: గుండె సంగతి అబద్ధమే. కానీ రాసిన రోజే చర్చికి వెళ్ళి పాదిరిగారి దగ్గర ఒప్పేసుకున్నాను. కాబట్టి ఇప్పుడు నువ్వు నన్ను తిట్టడానికి వీల్లేదు.


గెంట్, జనవరి

ఒడిలోన్ అన్నయ్యకి,

ఈసారి ‘ప్రియమైన’ రాయలేదు, చూసుకో.

నీ ఉత్తరం అందగానే కమీల్ నన్ను ట్రాక్ దింపేశాడు. డాక్టరు కాగితం తెస్తే గానీ కుదరదన్నాడు. నిజం చెప్పనా? ఆ మాట వినగానే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక భయపడక్కర్లేదని బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి సూప్ వేడిచేసుకుని తాగాను. గిన్నె కడుగుతుంటే మాత్రం ఎక్కడ లేని దిగులు పట్టుకుంది. భయం పోయింది కానీ దాంతోపాటు గురువారం కూడా పోయిందన్నయ్యా. మర్నాడే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ గుండె చప్పుడు విని, “ఈ గుండె ఇంకో ట్రామ్‌ని లాగుతుంది” అంది. కాగితం ఇచ్చాను, మళ్ళీ ఎక్కాను.

ఫిర్మిన్‌కి డెబ్భై ఏళ్ళు. ఆయన నడిపేది చిన్న మోటారు బండి. దాని వెనక గాలి తగలదు కాబట్టి మాకు వేగం అలవాటవుతుంది. ఆ బండి వెనకాలే నేను తిరుగుతున్నది! ఆయన భార్య రోసా కూడా ప్రతి గురువారం అక్కడే ఉంటుంది.

పోటీ వచ్చే నెల రెండో ఆదివారం. నువ్వు రావద్దు. నీ మొహం కనబడితే పడిపోతాను.

లివినా

తా.క.: పేడు తీసేటప్పుడు దీపం పట్టుకున్నది ఆ రోసానే.


గెంట్, ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం

ప్రియమైన అన్నయ్యకి,

అయిపోయింది! ఐదుగురిలో నాలుగోదాన్ని. ఐదో ఆయన నాకంటే చిన్నవాడు.

బయల్దేరే ముందు హెల్మెట్ పట్టీ మూడుసార్లు తప్పుగా పెట్టుకుంటే చివరికి రోసా పెట్టింది. మొదటి చుట్లలో అందరికంటే వెనక, కిందే ఉన్నాను. చివరి చుట్టు గంట కొట్టగానే ఏమైందో, ఎప్పుడూ ఎక్కని, ట్రాక్ పైభాగాన ఉండే నీలం గీత మీదికి ఎక్కేశాను. అక్కడి నుంచి దిగుతూ ఒకాయన్ని దాటేశాను. భయం పోలేదన్నయ్యా, భయంతోనే దాటాను.

పాపం, ఆ సమయానికే ప్రేక్షకుల పై వరసల్లో ఎవరో ముసలాయన పడిపోయాడట. స్ట్రెచర్ మీద మోసుకుపోవడం ఓరగా కనబడింది. ఆగి చూడ్డానికి నా బండి ఆగదాయె. నువ్వు రాకపోవడమే మంచిదైంది, అది చూసి హడలిపోయేవాడివి.

నీ చెల్లెలు,
లివినా

తా.క.: ఆకలేస్తోంది. పొద్దున్నుంచీ ఒక్క ముద్ద కూడా ముట్టలేదు.


గెంట్ ఆసుపత్రి, బుధవారం

ప్రియమైన లివినాకి,

నీ ఉత్తరం ఓస్టెండ్ వెళ్ళి, పక్కింటివాళ్ళ చేతిలో ఇక్కడికొచ్చింది. అరవకు. స్ట్రెచర్ మీద పోయిన ఆ ముసలాయన నేనే.

నిన్ను ఎలాగైనా ఆపాలనే వచ్చాను. ఒక లావుపాటాయన వెనక నక్కి కూర్చున్నాను. నువ్వు ఆ గోడ మీదికి ఎక్కుతుంటే సైకిలు పక్కకి పడుకున్నట్టు కనబడి లేచి నిలబడ్డాను. ‘ఆపు’ అని అరుద్దామని నోరు తెరిస్తే ‘తొక్కవే లివినా, తొక్కు’ అని వచ్చింది. పక్కాయన చిప్స్ పొట్లం లాక్కుని ఊపాను కూడా. అప్పుడు ఛాతీలో పట్టేసింది.

పోటీవాళ్ళ కోసం అక్కడే నిలబెట్టిన డాక్టరూ, అంబులెన్సూ నిమిషంలో వచ్చారు. గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయిందట, తెరిచారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇదే మా ఇంట్లో ఒక్కడినీ ఉన్నప్పుడు వచ్చుంటే తెల్లారేదాకా ఎవరికీ తెలిసేది కాదన్నారు. డాక్టరు, “మీ ఇంట్లో గుండె బలహీనం ఎవరికైనా ఉందా?” అనడిగితే, “మా చెల్లెలికి” అనేశాను. నోటికి అలవాటైపోయింది.

పోటీ ఎలా ముగిసిందో మూడ్రోజులు ఇక్కడ ఒక్క నర్సూ చెప్పలేకపోయింది. నాలుగోదానివా! నీ ఉత్తరం వార్డంతా తిప్పాను.

సాయంత్రం నాలుగింటికి లోపలికి రానిస్తారు. రా. ఆ ఫిర్మిన్‌నీ, రోసానీ కూడా తీసుకురా.

నీ అన్న,
ఒడిలోన్

తా.క.: ఇక ఏ కంగారూ పడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాబట్టి నీ తర్వాతి పోటీకి నాకు ముందు వరసలో టికెట్టు తియ్యి. ఆ లావుపాటాయన వెనక నుంచి సరిగా కనబడక కంగారు ఎక్కువైపోతోంది.