నడుమ నిలబడని గొంతు

ఫిబ్రవరి 3, మంగళవారం

రాత బాగాలేదు. అక్షరాల్లో తప్పులుంటాయి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదువు. ఆ తర్వాత ఈ చేతికి కలం కంటే పసుపు కొమ్మే ఎక్కువ తగిలింది. చదివేవాళ్లు ఎవరైనా ఉంటే మన్నించాలి. ఎవరూ లేరనే రాస్తున్నాను.

పొద్దున పెర్కిట్ పోయాను, అక్క వాళ్లింటికి. బావకు తుంటి ఎముక విరిగి మూడు నెలలు. మంచం దిగడం లేదు. మస్కట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు కొన్న రెండు స్పీకర్లు, నా నడుమంత ఎత్తువి, మంచానికి ఎదురుగా పెట్టించుకున్నాడు. వాటిని పాడించే ఆంప్లిఫయర్ కాలిపోయింది.

"గిట్ల పండుకొని ఇంక చేసేదేముంది బామ్మర్దీ? పాట వినుడే. ఈసారి అసలైంది కొంట."

అసలైనవి హైదరాబాదులో ఉన్నాయట. ఫోన్‌లో రెండు చూసి పెట్టుకున్నాడు. పోయి, విని, ఒకటి ఏరాల్సింది నేనట.

"నాకేం తెలుసు బావా..."

"పసుపు కొమ్ము విరిస్తే వచ్చే చప్పుడు విని, ఎండిందా లేదా చెప్తవు. మార్కెట్ మొత్తంల నీ అసొంటి చెవి ఎవనికుంది? నువ్వు గాకుంటే ఎవడు వింటడు?"

అక్క నవ్వింది. నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 4

ఎడమ చెవికి ఫోన్ పెట్టుకున్నాను. ఏమీ లేదు. కుడి చెవికి మార్చాను — ఎవరో హలో, హలో అంటున్నారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఎడమ చెవి పోయింది. రెండేళ్లయింది. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డాను, ఎప్పుడూ ఎడమ చెవి దానివైపే... నిజామాబాద్ దవాఖానకు ఒక్కడినే పోయి చూపించుకున్నాను. ఇక రాదన్నారు.

కొమ్మును కుడి చెవి దగ్గర పెట్టి విరుస్తాను. నా చెవి నమ్మి పసుపు కొనే సేటుకు తెలియదు. ఇంటామెకు తెలియదు. "పిలిస్తే పలుకవు, ముసలితనంల పొగరు పుట్టిందా?" అంటుంది. పొగరే అనుకోనీ. నాకున్న పేరు ఆ చెవిది ఒక్కటే.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఎట్లా వినాలో బావ నేర్పాడు. ఒక సీడీ ఇచ్చాడు, ఎవరో ఆమె పాడింది.

"కండ్లు మూసుకో. గీమె రెండు డబ్బాల నడుమ, ఎవ్వరు లేని జాగల నిలబడి పాడినట్టు ఉండాలె. గట్ల నిలబెట్టేదే మంచి మిషిను. పక్కకు జరిగిందా, వద్దను."

రెండు చెవులకూ సమంగా అందితేనే అట్లా నిలబడుతుందట. బావ మామూలుగానే అన్నాడు. నేను నోరు తెరిచాను. అక్క చాయ్ తెచ్చింది. మూసుకున్నాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

హైదరాబాద్ పోయి వచ్చాను. దుకాణం చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచాను, వద్దన్నా.

ఒకటి, పైన గాజు బుడ్లు వెలిగేది. రెండోది నల్లటి ఇనుప పెట్టె. దుకాణం ఆయన మంచివాడు. "బుడ్లది మెత్తగ పలుకుతది పెద్దాయనా, నల్లది సాఫ్‌గ." బుడ్డి మీద చెయ్యి పెట్టబోయాను. "అయ్యో, ముట్టకుండ్రి, కాలుతది!"

బావ ఇచ్చిన సీడీ పెట్టించి కళ్లు మూసుకున్నాను. ఆమె పాడింది. కుడి పక్కనే ఉంది. పెట్టె మార్చారు. కుడి పక్కనే ఉంది. తల తిప్పాను. ఆమె కూడా నా కుడి చెవి వెంట తిరిగింది.

బావ ఫోన్. "నడుమల నిలబడ్డదా?"

"నిలబడ్డది."

"ఏదాంట్ల?"

ఇద్దరు పనివాళ్లు, దుకాణం ఆయన, అందరూ నా మొహమే చూస్తున్నారు.

"...నల్లదాంట్ల."

"శభాష్! నాకు తెల్వదా నీ చెవి!"

ఎందుకు నల్లది అన్నాను? ముట్టుకుంటే కాలదని. అంతకంటే ఏమీ లేదు. ఒక ఏడాది పసుపు పంట అంత ధర, నా ఒక్క మాటకు. వారం లోపల గీత పడకుండా తెస్తే మార్చి ఇస్తారట.

ఫిబ్రవరి 11

ఒకే కుప్పలో మూడు కొమ్ములు విరిచాను. సేటు అడిగాడు, "ఏమాయె సాయన్నా, నీ మీద నీకు నమ్మకం పోయిందా?"

ఫిబ్రవరి 13, శుక్రవారం

పెట్టె పార్సిల్లో వచ్చింది. కరెంటు పనిచేసే ఆయన తీగలు కలిపాడు. బావ ఒళ్లు తుడిపించుకుని, ఉతికిన అంగీ వేసుకుని, మంచం మీదే దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పాట మొదలైంది. "అబ్బ, ఇంట్లకొచ్చి పాడినట్టే ఉంది" అంది అక్క.

బావ చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి —

"నడుమల లేదు బామ్మర్దీ. కిటికి దిక్కు పోయింది. షాపుల నడుమలనే ఉండెనా?"

"ఉండె."

"ఇప్పుడు నీకెట్లుంది?"

చెప్పడానికి అదే సమయం. తెలుసు.

"నడుమలనే ఉంది బావా."

బావ మళ్లీ విన్నాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. నవ్వాడు. "నువ్వన్నవంటే ఉన్నట్టే. ఇగ నా చెవే పోయినట్టుంది. మొదలు కాలు పాయె, ఇప్పుడు చెవి పాయె." కాసేపటికి అన్నాడు, "బంద్ చెయ్యి."

ఫిబ్రవరి 14

అక్క ఫోన్. "మీ బావ పాట వద్దంటుండురా. నాకు సక్కగ వినబడనిదాన్ని పెట్టుడెందుకు అంటుండు. స్పీకర్ల మీద దుప్పటి కప్పిపిచ్చిండు. నువ్వన్నా వచ్చి చెప్పు జర."

ఫిబ్రవరి 15, ఆదివారం

పోయాను. మంచం పక్కన కూర్చున్నాను. చెప్పేద్దామని పోయాను.

"జర గట్టిగ మాట్లాడు బామ్మర్దీ, నాకు వినబడుతలేదు."

నేనింకా మాట్లాడనే లేదు.

మాట్లాడకుండానే వచ్చాను.

ఫిబ్రవరి 16, సోమవారం

రేపటితో వారం అయిపోతుంది. ఈ పేజీ చింపి బావకు పంపుతానో లేదో తెలియదు. రాసి అయితే పెడుతున్నాను.

బావా, నీ చెవులు మంచిగున్నయి. పోయింది నాది, ఎడమది, రెండేండ్ల కింద. షాపుల నాకేం తెల్వలే. ఊకెనే నల్లది అన్న. మొన్న ఇంట్ల గూడ అబద్ధమే చెప్పిన. ఆమె కిటికి దిక్కు నిలబడ్డదంటే నిలబడ్డట్టే, నువ్వు విన్నదే ఖరారు. దుప్పటి తీపియ్యి. పెట్టె వాపస్ చెయ్యాల్నో, తీగలు మార్చి చూడాల్నో నువ్వే చెప్పాలె, నాతోని కాదు. మార్కెట్ల మాత్రం ఎవ్వరికి చెప్పకు. ఇది చదివి ఊకోకు బావా. తిట్టుడైనా తిట్టు, కాని జల్ది చెప్పు.